పసుపుపచ్చ కడ్డీలు

కూరకని తెచ్చిన బెండకాయల్లో సగం మాయమయ్యాయి. భవాని గంప తిరగేసి చూసి, అనుమానం వచ్చి గడప దాటి బయటికొచ్చింది. వాకిట్లో కూతురు వర్ష అట్టపెట్టె ఒకటి ముందు పెట్టుకుని కూర్చుంది. పెట్టెకు చేసిన కంతలోంచి ఒక్కో బెండకాయనే లోపలికి దూరుస్తోంది. పైనుంచి చెక్కముక్క టప్పున పడుతోంది. బెండకాయ నలిగి, జిగురూ గింజలూ బయటికొస్తున్నాయి.

"ఏందే గిది? కూరకు తెచ్చినయి గివి!"

"అమ్మా, ఇవి బెండకాయలు గావు. వేళ్లు. జర ఊకో."

వేళ్లు అన్న మాటకు భవాని తిట్టబోయి ఆగిపోయింది.

వర్ష కరీంనగర్ రోడ్డు పక్కనున్న సర్కారు బడిలో తొమ్మిదో తరగతి. ఆ ఏడు బడిలో రోబోటిక్స్ గది తెరిచారు. ఎవరో దాతలు చిన్న మోటార్లూ, వైర్లూ, వెలుతురునీ దూరాన్నీ పసిగట్టే సెన్సర్లూ పెట్టెలకు పెట్టెలు పంపారు. వాటిని తాళం వేసి దాచకుండా పిల్లల చేతికిచ్చింది ఫిజిక్స్ చెప్పే శ్రీదివ్య మేడం. అల్వాల్ నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి. సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడుస్తుంది. ఆమె మొదటి రోజే పిల్లలకో షరతు పెట్టింది. ఇంట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, వాళ్లు చేసే పనిలో ఏది కష్టమో, ఏది భయమో అడిగి రావాలి. అడిగి రానివాళ్లు పెట్టె ముట్టుకోవడానికి లేదు.

"మోటారు తిప్పడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎవరి కోసం తిప్పుతున్నామో తెలిస్తేనే అది ఇంజనీరింగ్" అందట.

వర్ష తల్లిని అడిగింది.

భవాని మేడ్చల్లో ఒక రేకుల కంపెనీలో ప్రెస్ మిషన్ మీద పనిచేస్తుంది. కరెంటు బోర్డుల డబ్బాలకు కావలసిన ముక్కలు కొట్టే మిషన్ అది. శామీర్‌పేట నుంచి రోజూ షేర్ ఆటోలో పోతుంది. ఇన్నేళ్లలో ఆమె పని ఎలా ఉంటుందని అడిగినవాళ్లు లేరు. భర్త బాలేష్ బౌరంపేటలో లేస్తున్న అపార్టుమెంట్లకు సెంట్రింగ్ పనికి పోతాడు. సాయంత్రం ఇద్దరూ ఇంటికి చేరేసరికి ఒకరి ఒళ్లు నొప్పులు ఒకరికి చెప్పుకునే ఓపిక ఉండదు. అలాంటిది కూతురు ఎదురుగా కూర్చుని, కాలు ఎక్కడ పెడతావు, చెయ్యి ఎక్కడిదాకా పోతుంది, పైనుంచి ఎంత జల్దీ దిగుతుంది అని గుచ్చిగుచ్చి అడుగుతుంటే భవానికి మొదట నవ్వొచ్చింది. తర్వాత చెయ్యి చాపి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"రేకు లోపల పెట్టాలె. చెయ్యి బయటికి తియ్యాలె. కాలుతోని తొక్కాలె. ముక్క పడ్డంక తీస్కోవాలె. గంతే."

"చెయ్యి తియ్యకముందే తొక్కితే?"

భవాని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కంపెనీ గేటు దగ్గర గండయ్య అని ఒక వాచ్‌మన్ ఉంటాడు. ఒకప్పుడు అదే ప్రెస్ మీద పనిచేసినవాడు. ఇప్పుడు వచ్చిపోయేవాళ్లకు ఎడమ చేత్తో సలాం కొడతాడు. ఎవరైనా అడిగితే, "నాదే తప్పు, పరాకుగ ఉన్న" అంటాడు. ఆ సంగతి కూతురికి చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. కానీ వర్ష వదల్లేదు. చివరికి చెప్పింది. ఆ రోజు నుంచే ఇంట్లో బెండకాయలు తగ్గడం మొదలైంది.

నవంబరులో పిల్లల పండగనాడు బడిలో తల్లిదండ్రులను పిలిచి పిల్లలు చేసినవన్నీ చూపించారు. భవాని పని మానుకుని వెళ్లింది. చేపలు పట్టేవాళ్ల పిల్లవాడు హర్ష నేల మీద గీసిన నల్లగీత వెంట పరుగెత్తే బండి చేశాడు. అందరూ దాని చుట్టే మూగారు. వర్ష బల్ల ఓ మూలన ఉంది. అదే అట్టపెట్టె, అదే చెక్కముక్క. కాకపోతే ఇప్పుడు కంతకు అటూ ఇటూ రెండు పుల్లలు నిలబెట్టి పసుపురంగు పూసింది. ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు సన్నని ఎర్రటి వెలుగు పోతోంది.

"అమ్మా, బెండకాయ పెట్టు."

భవాని పెట్టింది. వెలుగుకు బెండకాయ అడ్డం రాగానే, దిగుతున్న చెక్కముక్క గాలిలోనే ఆగిపోయింది. తీస్తే మళ్లీ కదిలింది. పెడితే ఆగింది. పక్కనే ఉన్న శ్రీదివ్య మేడం నవ్వుతూ, "ఇప్పుడు మీ వేలు పెట్టండమ్మా" అంది.

అట్టముక్కల మిషనే. పడినా పెద్ద దెబ్బేం తగలదు. అయినా భవాని వేలు ఒకసారి వెనక్కి తీసుకుంది. కళ్లు మూసుకుని పెట్టింది. ఏమీ కాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. వర్ష ముఖం వెలిగిపోయింది.

భవాని మాత్రం ఆ పుల్లలనే చూస్తూ ఉండిపోయింది.

"మేడం, గిసొంటి పసుపుపచ్చ కడ్డీలు మా కంపెనీల గూడ ఉన్నయి. గింత పొడుగు."

"ఉండాలమ్మా. ప్రెస్ కొన్నప్పుడే వస్తాయి. మీ ముందే ఉంటాయి కదా, రెండు పక్కలా?"

"లేవు. మిషిన్ ఎన్కాల ఉన్నయి. ఒకదానికొకటి ఎదురుగ పెట్టి తీగెతోని కట్టిన్రు. ఆ పక్కన ఇనుప పట్టీకి మేం టిఫిన్ సంచులు తగిలిస్తం."

శ్రీదివ్య నవ్వు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వర్షే అందుకుంది.

"అమ్మా, ఎన్కాల కట్టేస్తే వాటి నడుమకు ఏదీ రాదు. మిషిన్ ఏమనుకుంటది? చెయ్యి లేదు, అంత మంచిగనే ఉంది అనుకుంటది. కొడ్తనే ఉంటది."

"అంటే మిషిన్‌ను మోసం జేసిన్రా?"

"మిషిన్‌ను కాదు" అంది శ్రీదివ్య మెల్లగా.

మర్నాడు భవాని పనిలోకి దిగగానే మొదట మిషన్ ముందు భాగం చూసింది. బోల్టులు బిగించే బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. వాటి నిండా గ్రీజూ దుమ్మూ పట్టింది. ఇన్నేళ్లూ రోజూ చూస్తున్నవే. సూపర్‌వైజర్ గౌరయ్య అటుగా వస్తే అడిగింది. గౌరయ్య చెడ్డవాడని ఎవరూ అనరు. ఆడవాళ్లకు జ్వరమొస్తే మందుబిళ్లలు తెప్పించే మనిషే. ప్రశ్న విని ఇటూ అటూ చూశాడు.

"నీకెవరు జెప్పిన్రు గివన్ని?"

"నా బిడ్డ బడిల నేర్చుకుంది."

"ముందల పెడితే నీ చెయ్యి జర లోపట ఉన్నా మిషిన్ ఆగిపోతది. ఊకె ఆగుతుంటే మాల్ ఎప్పుడు పోవాలె? ఓనర్ సార్ నన్నడుగుతడు, నిన్ను కాదు. ఇన్నేండ్లు జేసినవ్, ఏమన్న అయిందా? హుషారుగ జేస్కో, పో."

భవాని పోయి కూర్చుంది. కానీ ఆ రోజు నుంచి ఆమెకు పని చేతకాకుండా పోయింది. ఇదివరకు చెయ్యి దానంతట అదే పోయి దానంతట అదే వచ్చేది. ఆమె పక్కవాళ్లతో మాట్లాడుతూనో, ఇంటి సంగతులు తలుచుకుంటూనో కొట్టేసేది. ఇప్పుడు ప్రతి ముక్కకూ చేతివంక చూసుకుంటోంది. కాలు పెడల్ మీద పెట్టే ముందు ఆగి వేళ్లు లెక్కపెట్టుకుంటోంది. ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే వేళ్లు తనవి కానట్టు అనిపించేది. ఒకసారి వర్ష నిద్రపోతుంటే దాని అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

చివరికి కూతుర్నే అడిగింది. "వాటిని తెచ్చి ముందల పెట్టాలంటె ఎట్ల బిడ్డా?"

వర్ష ఉత్సాహంగా చెప్పింది. తన అట్టపెట్టె పుల్లలను వెనక్కి మార్చి, మళ్లీ ముందుకు తెచ్చి చూపించింది. రెండూ ఎదురెదురుగా సరిగ్గా నిలబడితే పచ్చ లైటు వస్తుంది, ఏమాత్రం పక్కకు జరిగినా ఎర్ర లైటు వచ్చి మిషన్ ఆగిపోతుంది, భయం లేదు అంది. కరెంటు మెయిన్ బంద్ చేశాకే ముట్టుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

భవాని ఓ పొద్దున గౌరయ్య రాకముందే కంపెనీకి చేరింది. మెయిన్ బంద్ చేసి, సామాన్ల డబ్బాలోంచి పానా తీసి, తీగె విప్పి, కడ్డీలను ముందుకు తెచ్చి బిగించింది. వైరు సరిపోయింది. సరిపోయేలాగే చేసి పంపారు మరి, తయారుచేసినవాళ్లు. కరెంటు వేస్తే ఎర్ర లైటు. ఒక కడ్డీని కాస్త తిప్పింది. పచ్చ లైటు. ఆమెకు పట్టలేనంత సంతోషమైంది.

పక్క బల్ల మీద ముక్కల అంచులు గీకే పిల్ల ప్రియాంక లేచి వచ్చింది. మచ్చ బొల్లారం నుంచి వస్తుంది. కొత్తగా పెళ్లయింది. చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడి నవ్విస్తుంది.

"అక్కా, నేను పెట్టి చూస్త" అని టిఫిన్ డబ్బాలోని చెంచా తెచ్చి లోపలికి చాపింది. భవాని పెడల్ తొక్కినా ప్రెస్ దిగకుండా ఆగిపోయింది. ప్రియాంక కేకేసి నవ్వింది. మిగతా ఆడవాళ్లూ వచ్చి ఒకరి తర్వాత ఒకరు చెంచా పెట్టి చూశారు. అంత పెద్ద ఇనుప మిషన్ చిన్న చెంచాకు జంకి ఆగిపోతుంటే వాళ్లకు పిల్లల్లా సరదా పుట్టింది.

గౌరయ్య ఆ నవ్వులు విని వచ్చాడు. భవాని చేతి పక్కనే పానా ఉంది.

"ఎవర్నడిగి ముట్టినవ్?"

"అడిగితే పెట్టనియ్యవ్ గద సారూ."

"నువ్వేమన్న మెకానిక్‌వా? ఖరాబైతే ఎవడు కట్టాలె?"

"ఖరాబేం కాలే. చూడు, మంచిగ నడుస్తాంది."

అతను వంగి తనే బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. భవాని లేచి నిలబడింది. జీవితంలో ఎన్నడూ పై మనిషికి ఎదురు చెప్పి ఎరగదు. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"అవి ముందలుంటేనే కూసుంట. లేకుంటే కూసోను."

"అయితే కూసోకు."

ఆ రోజంతా ఆమెను ఆవరణ ఊడ్పించారు. మర్నాడు పాత రేకులు ఏరించారు. వారం తిరగకముందే, పని తక్కువుంది, పిలిచినప్పుడు రమ్మన్నారు. పిలవరని ఆమెకూ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు.

బాలేష్ మొదట కోపం చేశాడు. "నీకెందుకే గీ పంచాయితీ? మంది జేస్తలేరా?" అని అరిచాడు. కాసేపటికి తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. సెంట్రింగ్ పలకలు మోసి కాయలు కాసిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, "పోనీ తియ్. చేతులున్నయి గద" అన్నాడు. వర్ష అట్టపెట్టెను మంచం కిందికి తోసేసింది. చాలా రోజులు దాని జోలికి పోలేదు.

మిగిలిన జీతం తెచ్చుకోవడానికి పోయిన రోజు గేటు దగ్గర ప్రియాంక ఎదురైంది. ముఖంలో నవ్వు లేదు.

"అక్కా, గౌరయ్య సార్ నన్ను నీ మిషిన్ మీద కూసోమంటుండు."

"కడ్డీలు?"

"మళ్ల ఎన్కాలనే కట్టిండు."

"కూసోకు పిల్లా. నా మాట ఇను."

"వద్దంటే గీకే పని గూడ లేదంటుండు. ఇంట్ల మా అత్తకు ఏం జెప్పాలె? హుషారుగ ఉంటలే అక్కా. పరేషాన్ గాకు."

భవాని ఆమె చెయ్యి పట్టుకుంది. చెప్పాల్సింది ఇంకా ఉందనిపించింది. కూర్చోవద్దని గట్టిగా చెబితే, ఆ పిల్లకు ఇంకో పని చూపించే స్తోమత తనకు లేదు. ఇంతలో శామీర్‌పేట ఆటో వచ్చింది. డ్రైవరు జల్దీ జల్దీ అని అరిచాడు. ఆమె ఎక్కింది.

చలి తగ్గుముఖం పడుతున్న రోజుల్లో కబురొచ్చింది. అదే ఆటోలో కంపెనీకి పోయే ఇంకో ఆమె చెప్పింది. ప్రియాంక కుడిచెయ్యి మిషన్ కింద పడింది. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

భవాని ఆస్పత్రికి పోయేసరికి ప్రియాంక గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పెద్ద కట్టుతో తెల్లగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. అత్తగారు భవానిని చూడగానే అంతెత్తున లేచింది.

"ఏం మొకం పెట్టుకోని వచ్చినవ్? నువ్వు ఇప్పి ఖరాబ్ జేస్తే మా కోడలి చెయ్యి పాయె!"

భవానికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కంపెనీలో అందరికీ అలాగే చెప్పారు. కడ్డీలు ఎప్పుడూ ముందే ఉండేవట. భవాని పానాతో విప్పి వైర్లు వదులు చేసిందట. అప్పటినుంచే సరిగా పనిచేయడం లేదట.

అత్తగారు నీళ్లకని బయటికి పోయాక ప్రియాంక ఇటు తిరిగింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అక్కా, నాకు తెల్సు."

"ఊకో బిడ్డా."

"లే, ఇను. తనిఖీకి సర్కారు ఆఫీసరొస్తడంట. నేనే పరాకుగ చెయ్యి పెట్టిన అని చెప్పమన్నరు. గట్ల జెప్తె ఆస్పత్రిది వాళ్లు చూస్కుంటరంట. ప్యాకింగ్ల పని గూడ ఇస్తరంట. నేను గట్లనే జెప్త అక్కా. నువ్వు కోపం జేసుకోకు."

"నాకేం కోపం పిల్లా?"

"కొట్టినప్పుడు నొప్పి గూడ తెల్వలే అక్కా. చూస్తె రేకు మీద ఉన్నయి." ఆ మాట అని ప్రియాంక మళ్లీ గోడవైపు తిరిగింది. భవాని ఆమె వీపు మీద చెయ్యి వేసి, అత్తగారు తిరిగివచ్చి పొమ్మనేదాకా అలాగే కూర్చుంది.

శ్రీదివ్య సంగతంతా విని, కంపెనీలను తనిఖీ చేసే ఆఫీసుకు అర్జీ రాసిపెట్టింది. నీకెందుకీ తలనొప్పి అని హెడ్మాస్టరు మందలించాడు. అయినా రాసింది. భవాని సంతకం పెట్టింది. కొన్నాళ్లకు ఆఫీసరు వచ్చాడు. భవానిని కంపెనీకి పిలిపించారు.

ఆమె లోపలికి అడుగుపెట్టి ప్రెస్ వైపు చూసింది. కడ్డీలు ముందే ఉన్నాయి. కొత్తగా రంగు వేశారు. బోల్టులు మెరుస్తున్నాయి. వెనక ఇనుప పట్టీ కూడా లేదు. ఆడవాళ్ల టిఫిన్ సంచులు గోడకు కొట్టిన మేకులకు వేలాడుతున్నాయి.

ఆఫీసరు పెద్దమనిషి తరహాగానే ఉన్నాడు. ఆమెను కూర్చోమన్నాడు. చెప్పిందంతా రాసుకున్నాడు. తర్వాత ఒక కర్ర అడిగి తీసుకుని తనే మిషన్ లోపలికి చాపాడు. ప్రెస్ ఆగింది. మళ్లీ చాపాడు. మళ్లీ ఆగింది.

"బాగానే పనిచేస్తోంది కదమ్మా?"

"ఇప్పుడు పెట్టిన్రు సార్."

"ఎప్పుడూ గిట్లనే ఉంటది సార్" అన్నాడు గౌరయ్య. అతను భవాని వైపు చూడలేదు. "ఈమెనే ఓసారి ఇప్పింది. అందరు చూసిన్రు."

ఆఫీసరు ఆడవాళ్లను వరసగా నిలబెట్టి అడిగాడు. ఈమె పానా పట్టుకోవడం చూశారా? చూశామన్నారు. అబద్ధం కాదు. అంతకుముందు కడ్డీలు ఎక్కడుండేవి? చెంచా పెట్టి నవ్వినవాళ్లే, తలలు వంచుకుని కాళ్ల గోళ్లు చూసుకుంటున్నారు. భవాని ఒక్కొక్కరి ముఖం చూసింది. ఆమెకు వాళ్ల ఇళ్లు తెలుసు, పిల్లలు తెలుసు. అడగాలని ఉన్నా అడగలేకపోయింది. గండయ్యను పిలిచారు. "నాకెర్కలేదు సార్, నేను గేటుకాడుంట" అని ఎడమ చేత్తో సలాం కొట్టి పోయాడు.

"మీరు మెకానిక్ పని నేర్చుకున్నారా?" అని అడిగాడు ఆఫీసరు.

"లే సార్. నా బిడ్డ చెప్పింది. బడిల రోబోలు చేస్తరు, అండ్ల నేర్చుకుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. కానీ రాస్తున్న కలం ఆపేశాడు. ప్రియాంక చెప్పింది ఆయన దగ్గర అప్పటికే ఉంది. పరాకుగా చెయ్యి పెట్టాను, ఎవరి తప్పూ లేదు.

ఆ కథ అక్కడితో అయిపోయింది. భవాని ఆ చుట్టుపక్కల ఏ కంపెనీకి పోయినా పేరు వినగానే పని లేదన్నారు. కొన్నాళ్లు బంతిపూల తోటల్లో కూలికి పోయింది. వర్ష రోబోటిక్స్ గదికి పోవడం మానేసింది. హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి ఆమె ప్రెస్ నమూనాను ఎంపిక చేశారు. తీసుకుపోనంది. దాని బదులు హర్ష బండి వెళ్లింది.

శ్రీదివ్య ఇంటికి వచ్చింది. పీట మీద కూర్చుని చాలాసేపు చేతిసంచి పట్టీ తిప్పుకుంటూ ఉంది.

"నేను పిల్లలకి ఇంట్లో అడిగి రమ్మన్నాను. అడిగాక ఏం జరుగుతుందో నేనే ఆలోచించలేదమ్మా" అంది.

వర్ష తలుపు వెనకనుంచి అంది: "మేడం, నేను అడగకపోతే మా అమ్మనే కూసుంటుండె ఆ మిషిన్ మీద. ప్రియాంకక్క కూసోకపోతుండె."

ఆ పిల్ల ఇన్నాళ్లూ లోపల మోస్తున్నది అదని భవానికి అప్పుడే తెలిసింది. తనూ అదే మోస్తోంది. కాకపోతే తనకు అందులో ఇంకోటి కూడా ఉంది. ప్రియాంక చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా మొదట కలిగేది జాలి కాదు. తన చెయ్యి తనకుందన్న ఊరట. ఆ తర్వాతే జాలి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

"రేపటిసంది పంపుత మేడం" అంది. వర్ష ఏదో అనబోతే, "పోతవ్. నువ్వు పోకపోతే గా చెయ్యి తిరిగొస్తదా?" అని గద్దించింది.

జూన్‌లో బడి తెరిచాక, మధ్యాహ్నం భోజనం వండే దగ్గర సాయానికి మనిషి కావాలంటే శ్రీదివ్య చెప్పి భవానిని పెట్టించింది. వంటగది కిటికీలోంచి చూస్తే రోబోటిక్స్ గది కనిపిస్తుంది. బోనాలు అయిపోయిన తర్వాత ప్రియాంక సంగతి తెలిసింది. ఫైలు మూసేదాకా ప్యాకింగ్‌లో ఉంచుకున్నారు. ఆ తర్వాత, ఒంటిచేత్తో డబ్బాలు కట్టడం ఆలస్యమవుతోందని మాన్పించారు. మొగుడు తల్లిగారింట్లో దింపి వచ్చాడట. ఆ రోజు భవాని పప్పు మాడగొట్టింది.

వర్ష ఇప్పుడు పదో తరగతి. పాత అట్టపెట్టె పారేసి చెక్కతో కొత్త ప్రెస్ చేసింది. ఈసారి కడ్డీల అడుగున చిన్న స్విచ్చులు పెట్టింది. కడ్డీలు ముందున్న గుంటల్లో కూర్చుంటేనే ఆ స్విచ్చులు నొక్కుకుంటాయి. వాటిని తీసి ఎక్కడ కట్టినా మిషన్ అసలు మొదలే కాదు. ముగించడానికి వారాలు పట్టింది. ముగించిన రోజు శ్రీదివ్య పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టింది.

"వర్ష మిషన్ ఎలా పనిచేస్తుందో చూశారు కదా. ఇప్పుడు మీ పని, దాన్ని మోసం చేయడం. కడ్డీలు వెనక ఉండాలి, మిషన్ నడవాలి. ఎవరు చేస్తారు?"

భవాని అన్నం గంజి వారుస్తూ కిటికీలోంచి చూస్తోంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ప్రయత్నించారు. ఎవరి వల్లా కాలేదు. హర్ష కాసేపు తల గోక్కుని, ఎవరిదో జడ రబ్బరు బ్యాండు అడిగి తీసుకున్నాడు. కడ్డీలు పీకి వెనక ఎదురెదురుగా నిలబెట్టి, స్విచ్చులు నొక్కి ఉండేలా రబ్బరు బ్యాండు చుట్టాడు. చెక్కముక్క టప్పున దిగింది. క్లాసంతా గోలగోలగా అరిచింది. హర్షను భుజాల మీదికి ఎత్తారు.

వర్ష అరవలేదు. రబ్బరు బ్యాండు వంక చూస్తూ నిలబడింది.

"నీ మీద కోపంతోని కాదు" అన్నాడు హర్ష దిగివచ్చి. "మేడం చెయ్యమన్నది, గందుకే."

"తెల్సు" అంది వర్ష. స్క్రూడ్రైవరు తీసుకుని కింద కూర్చుని మళ్లీ విప్పడం మొదలుపెట్టింది. ఈసారి స్విచ్చులను పైకి కనిపించకుండా చెక్క లోపలికి దించాలని చూస్తోంది. శ్రీదివ్య పక్కనే నేల మీద కూర్చుని చెక్క పట్టుకుంది.

భోజనం గంట కొట్టారు. భవాని అన్నం, పప్పు వడ్డించింది. ఆ రోజు గుడ్లు. ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లల్లో వర్ష లేదు. భవాని ఒక ప్లేటులో పెట్టి మూత వేసి గట్టు మీద ఉంచింది. గిన్నెలు కడగడం అయ్యాక వర్ష వచ్చింది. చేతులకు చెక్కపొట్టు అంటుకుని ఉంది.

"అయిందా?"

"అయిందనుకున్న. హర్షగాడు మళ్ల నడిపించిండు."

భవాని మూత తీసి ప్లేటు ఆమె ముందుకు జరిపింది. అన్నం చల్లారిపోయింది.

"చేతులు కడుక్కో. తిని పో" అంది.